మీ పేరు రాయను, నాన్నగారూ

కొల్లేటి లంక,
మంగళవారం.

పూజ్యులైన నాన్నగారికి,

మీ స్నేహలత వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మ క్షేమం, నేను క్షేమం, మీరు పాతి వెళ్ళిన మునగకొమ్మ కూడా చిగురేసింది. సంఘం మాత్రం నామీద కోపంగా ఉంది. గొంతు ఆపరేషనయ్యాక రెండు నెలలు నోరు విప్పొద్దని డాక్టరుగారు చెప్పింది మీకు. మీరు కోలుకుంటున్న తాడేపల్లిగూడెంలో మీ వాటా కూడా అత్తయ్యే మాట్లాడేస్తూ ఉంటుంది. వాట్సాప్‌లో పెడితే మీకంటే ముందు తనే చదువుతుంది గనక ఉత్తరమే నయం.

మీరడిగినవాటికి జవాబులు. ఆదివారం ఆరాధన ఒక్క వారం కూడా ఆగలేదు. పాస్టరుగా మీరు చెప్పే వాక్యం మీ బదులు నేనే చెబుతున్నాను, కింద చాప మీద నిలబడి. ఆడపిల్ల వేదిక ఎక్కకూడదన్నారు సంఘపెద్ద సీమోనుగారు. మన వేదిక ఎత్తు జానెడు. కిందనుంచి కూడా బాగానే వినిపిస్తోందట.

బైబిలు కాలేజీలో నాలుగేళ్ళు నీకేం నేర్పారమ్మా అని కూడా మీరు అడిగారు. గ్రీకు నేర్పారు, సగం మరిచిపోయాను. శనివారాలు ఏలూరు ఆసుపత్రికి పంపి, మంచం పక్కన కూర్చుని, వాక్యం చెప్పే తొందర లేకుండా రోగి చెప్పేది వినడం నేర్పారు. అది మరిచిపోలేదు. ఏ నియమం ఎందుకొచ్చిందో అడగడం నేర్పారు. చివర్లో పట్టా అందరికీ ఒకటే ఇచ్చి, మగవాళ్ళకి సంఘాలూ మాకు సండేస్కూళ్ళూ ఇచ్చారు. అదీ నేర్చుకున్నాను.

ఇక నాగరత్నం సంగతి. చేపల ప్యాకింగులో ఐసు మోసి మోసి చేతులు పగిలిన మనిషి, ఇరవై ఏళ్ళు మన చర్చి గడప అవతల చెప్పుల పక్కనే కూర్చుంది. బాప్తిస్మానికి మొగుడు ఒప్పుకోలేదు. ఆయన పోయాక మీరు ఈస్టరుకి ఇద్దామన్నారు. ఈలోగా మీకు ఆపరేషను. పోయిన నెల పనిలోనే గుండె ఆగి ఆవిడ చనిపోయింది. బాప్తిస్మం లేనివాళ్ళని సమాధుల తోటలో పెట్టడం కుదరదని సీమోనుగారంటే, అయిందని చెప్పాను. ఎవరిచ్చారన్నారు. నేనే అన్నాను. శవాన్ని పెట్టుకుని వాదన వద్దని పెద్దలే దారిచ్చారు. తోటలోనే పెట్టాం.

మర్నాడు సీమోనుగారు ఇంటికొచ్చి సంఘం రిజిస్టరు తీయమన్నారు.

“నీ మంచికే చెప్తున్నానమ్మాయ్. పాస్టరుగా ఆర్డినేషన్ లేనిదానివి, నువ్విస్తే చెల్లదు. తేదీ ముందుది వేసి నాన్నగారి పేరు రాసెయ్. ఆయనకి మాట లేదు గానీ చెయ్యుంది కదా, సంతకం పెడతారు.”

మీరూ అదే రాశారు, సంతకానికి సిద్ధమని. నామీద ప్రేమతోనే రాశారు. కానీ రాయను నాన్నగారూ. నీళ్ళలోంచి లేచి ఆవిడ మొదట చూసింది నా మొహం.

శుక్రవారం ఏలూరులో నామీద పై సంఘపెద్దల విచారణ. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకి విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని మన నియమాల్లో ఉంది, ఆ మాట చెప్పి బయటపడమని నాతో చదివిన ఉదయ్ కిరణ్ ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళూ మీకు రాయనిది ఇక్కడే ఉంది. బాప్తిస్మం ఇచ్చిన రోజు నాగరత్నానికి ఏ జబ్బూ లేదు. పొద్దున్నే గట్టు మీద తనే నడిచొచ్చింది. మీరు వచ్చేదాకా ఆగమన్నాను.

“ఆగడం నాకేం కొత్త కాదమ్మా, ఇరవై ఏళ్ళు ఆగాను. నీవల్ల అవుద్దో లేదో, అది చెప్పు” అంది.

గుర్రపుడెక్క పక్కకి నెట్టి కాలవలో నడుంలోతుకి దిగాం. నియమం తప్పుతున్నానని తెలిసే దిగాను. విచారణలో ఇదే చెబుతాను. క్షమాపణ పత్రం వాళ్ళే టైపు చేసి పంపారు; సంతకం లేకుండా తిప్పి పంపేశాను.

ఇంకొకటి. ఆ రోజు గట్టు మీద పొడిచీర పట్టుకుని నిలబడింది అమ్మ. నిన్న రిజిస్టరులో నా పేరు నేను రాశాక, సాక్షి అన్నచోట అమ్మ సంతకం చేసింది. ముప్పయ్యేళ్ళుగా మనింట్లోనే ఉన్న ఆ పుస్తకంలో తన మొదటి సంతకం.

శుక్రవారం మొదటి బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం. గూడెంలో రైలెక్కితే మీకు ఏలూరు ఎంతో దూరం కాదు. నా తరఫున మాట్లాడమని అడగను, ఎలాగూ మీరు మాట్లాడకూడదు. కుర్చీలు రెండు వైపులా వేస్తారట. మా వైపు ఒకటి ఖాళీగా ఉంచుతాం.

ఇట్లు,
మీ అమ్మాయి,
స్నేహలత.