నలభై ఏడో నంబరు పంపకు

ఘనపూర్ దగ్గరి మన తండా,
జూన్ 14

నా తల్లి మౌనికా,

అందరూ ఎట్ల ఉన్నారు? మీ నాయిన రమేశ్ నడుము నొప్పి తగ్గిందా? ఆటో సీటు మీద మెత్త వేసుకోమని చెప్పాను, వేసుకున్నాడో లేదో. మీ అమ్మ సుజాత షుగర్ గోలీ తినకముందు వేసుకుంటుందా, తిన్నాక వేసుకుంటుందా? దవాఖానలో ఏం చెప్పారో ఇంకోసారి అడగమను, తప్పు వేసుకుంటే కష్టం. నీ కళ్లు ఎట్ల ఉన్నాయి? పొద్దంతా ఆ కంప్యూటర్ చూస్తావు, మధ్యమధ్యలో లేచి చల్లనీళ్లతో కడుక్కో. మీ జనగామలో జ్వరాలు ఉన్నాయని మీ చిన్నాయన గణపతి అన్నాడు. నీళ్లు కాచి తాగండి. ఇక్కడ మీ తాత అమర్‌సింగ్ దగ్గు అట్లనే ఉన్నది. గణపతి బాగానే ఉన్నాడు కాని నిన్న ఒక రొట్టె తక్కువ తిన్నాడు, అదొక పరేషాన్. నా మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకు అంటావు. ఈమధ్య ఫోన్ చేతిలో పట్టుకోవాలంటే నాకు భయమవుతున్నది. పెద్దోళ్ల బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇప్పటికైనా పనికి రానీ. ఒత్తులు తప్పితే దిద్దుకో.

నువ్వు పంపిన కాగితం అందింది. మొన్న చలికాలం పది రోజులు ఇక్కడుండి, బడి పిల్లలకు మన బాస వినిపించడానికి నా గొంతుతో పట్టిన రికార్డులన్నిటి పేర్లు, రెండు వందల పన్నెండు. అందులో తొంభై ఏరమన్నావు. నాలుగు రోజుల నుండి పెన్సిల్ పట్టుకొని కూర్చుంటున్నాను. తల తిరుగుతున్నది బిడ్డా. "అన్నీ పంపరాదా" అని నేనంటే ఆనాడు నువ్వేమన్నావో గుర్తున్నది.

"అన్ని పంపితే మూట పెద్దగైతది దాది. తండాల బడులల్ల చిన్న చిన్న ఫోన్లుంటయి, నెట్టు రాదు. కార్డుల ఎక్కించి ఒక్కసారే ఇయ్యాలె. ఏది పోవాలె, ఏది ఆగాలె అని నేనొక చీటీ రాస్త. గా చీటీ చూసి కంప్యూటరే మూట కడుతది."

"మరి ఏదన్న మర్చిపోతే?"

"మర్చిపోతే అక్కడ లేనట్టే."

మూట కట్టే కష్టం నాకు తెలుసు. మిరప ఏరడానికి ఖమ్మం దిక్కు పోయేటప్పుడు ఇరవై ఏండ్లు నేనే మూట కట్టాను. ఒకసారి గిన్నెలన్నీ పెట్టి గంటె మరిచాను. నెల రోజులు కట్టెపుల్లతో పప్పు తిప్పాను. అందుకని చూసి చూసి గుర్తు పెట్టాను. పన్నెండోది, అంకెలు చెప్పేది ఉంచు. ఆరు దగ్గర కోడి కూసింది, పిల్లలు నవ్వుకుంటారు. ముప్పయ్యోది జోలపాట, అది రెండుసార్లు ఉన్నది, రెండోది తీసెయ్. ఎనభై ఎనిమిదిలో చెట్ల పేర్లు చెప్తుంటే మీ తాత దగ్గాడు. అయినా ఉంచు. రేపు ఆయన లేనినాడు ఆ దగ్గన్నా వినపడుతుంది.

ఒక్కటి మాత్రం వద్దు. నలభై ఏడో నంబరు, ఢావ్లో పాట. అది పంపకు. అందులో నా గొంతు బాగలేదు. ఇంకేమీ అడగకు.

నీ దాది,
సీతాబాయి


తండా,
జూన్ 27

మౌనికా తల్లీ,

నువ్వు గణపతి ఫోన్‌కు చేసినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేదని అలిగావట. అలగకు. ఇంట్లో అందరి ముందు ఏమని మాట్లాడను?

"దాది, గంత మంచిది తీసెయ్యమంటవేంది? మా ఆఫీసుల అందరు ఏడ్చిండ్రు. ఒక్క మాట తెల్వకున్నా ఏడ్చిండ్రు" అన్నావు. వాళ్లకు తెలియదు సరే. నీకూ తెలియదు. హాస్టల్లో చదివి మన తండా బాస సగమే వచ్చింది నీకు. నీలాంటి పిల్లల కోసమే ఈ పని చేస్తున్నానని నువ్వే అన్నావు గదా. ఆ నలభై ఏడులో నేనేమన్నానో చెప్తాను. చదివినాక ఈ కాగితం పొయ్యిలో పెట్టు.

ఢావ్లో అంటే ఊరికే పాడే పాట కాదు. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు, చాన్నాళ్లకు అక్కచెల్లెళ్లు కలిసినప్పుడు, ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు, ఇద్దరు ఆడోళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తూ పాడుతారు. అప్పుడు అబద్ధం నోటికి రాదు. మనసులో ఏముంటే అదే బయట పడుతుంది. ఆనాడు నువ్వు పాడమంటే నేనేమన్నాను?

"ఒక్కదాన్ని ఎట్ల పాడుత? ఎవ్వల మెడ పట్టుకోవాలె?"

"గీ మెత్త పట్టుకో దాది" అని తలకింది మెత్త నా ఒళ్లో పడేసి, ఫోన్ మంచం మీద పెట్టి, చాయ్ పెట్టొస్తానని పోయావు. నవ్వుకుంటూనే పట్టుకున్నాను. పట్టుకున్నాక మా యాడి, మా అమ్మ, గుర్తొచ్చింది. ఫోన్ నడుస్తున్నదన్న సంగతే మరిచిపోయాను.

నాకొక చెల్లెలున్నది, సోని. నర్సింహులపేట దిక్కు తండాకు ఇచ్చారు. నువ్వు ఎన్నడూ చూడలేదు. మా యాడి మంచం పడితే రెండేండ్లు నేనే చేశాను. ముద్ద నేనే పెట్టాను, ఒళ్లు నేనే తుడిచాను. ఆమె మాత్రం పొద్దున లేస్తే "సోని ఏది, సోని వచ్చిందా" అనేది. ఎదురుగ్గా ఉన్న నన్ను ఒక్కనాడు సీతా అని పిలవలేదు. ఇరవై రెండేండ్ల కింద ఒకనాడు తెల్లవారేసరికి పోయింది. సోనికి కబురు చెప్పడానికి మీ తాత చెప్పులు వేసుకొని బయలుదేరాడు. నేను గుమ్మంలో అడ్డం నిలబడి ఆపాను. ఎందుకో తెలుసా? చివరి స్నానం నీళ్లన్నా నేనొక్కదాన్నే పోయాలని. ఆ ఒక్క పూట యాడి నాదే కావాలని. తండా వాళ్లు అడిగితే, "కబురు పోయింది, అదే రాలే" అన్నాను.

మూడోనాడు ఎవరి నోటనో విని సోని ఉరికొచ్చింది. "నాకు కబురు రాలే" అని అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. తల్లి పోతే రాని బిడ్డ అన్నారు. ఒక్క ఆడది దాని మెడ పట్టుకొని ఏడవలేదు మౌనికా. వాకిట్లో నిలబడి నా దిక్కు చూసింది. నేను పక్కకు తిరిగాను. గుక్కెడు నీళ్లు తాగకుండా పోయింది. మళ్లీ రాలేదు.

ఇదంతా పేర్లతో సహా ఆ మెత్తకు చెప్పాను. నీ మూట నర్సింహులపేటకు కూడా పోతుందన్నావు. సోనికి డెబ్బై దగ్గర పడింది. ఆ వయసులో బడి పిల్లల ఫోన్‌లో ఇది వినాలా? నా వల్ల కాదు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. నలభై ఏడు తీసెయ్ తల్లీ. నీకు దండం పెడతాను.

నీ దాది,
సీతాబాయి


తండా,
జూలై 12

మౌనికా,

ఏడవకు. ముందు ఆ మాట. నువ్వు ఏడుస్తూ చెప్పింది గణపతి నాకు చెప్పాడు, సగం అర్థమైంది. తర్వాత నువ్వు రాసి పంపింది మూడుసార్లు చదివాను. ఇప్పుడు అర్థమైంది.

పాటల ఫోల్డర్ నుండి నలభై ఏడు తీసేశావు. చీటీలో కూడా ఆపమని రాశావు. అయితే ఆ పాట ఉన్న, ముక్కలు చేయకముందు పట్టిన పొడుగు రికార్డు ఇంకో ఫోల్డర్‌లో ఉన్నదట, అల్మారిలో వేరే అర లాంటిది. ఆ అర ఆపమని రాయడం మరిచిపోయావు. కంప్యూటర్ రాయనిది ఆపలేదు. దాన్నేమంటాము? అట్లనే ముప్పై ఒక్క కార్డులు బడులకు పోయాయి. పాటలు తెరవగానే అన్నిటికన్నా పైన అదే కనిపిస్తుందట.

నాకూ ఇట్లనే అయింది బిడ్డా. ఒకసారి మిరపకు పోయేటప్పుడు, మీ నాయిన చిన్నప్పటి వెండి మొలతాడు పోతుందని మూటలోంచి తీసి ఇంట్లోనే పెట్టాననుకున్నాను. అక్కడికి పోయి గొంగడి దులిపితే మడతలోంచి పడింది. తీసేసిందాన్ని చూసుకుంటాము, మడతలు ఎవరు చూస్తారు? నిన్ను తిట్టను. తిట్టే ఓపిక కూడా లేదు.

కార్డులన్నీ వెనక్కి తెప్పిస్తానన్నావు. తెప్పిస్తే మాత్రం, ఒకరి ఫోన్ నుండి ఒకరు ఎక్కించుకున్నవి ఎక్కడని వెతుకుతావు? నిన్న పొద్దంతా నేను గడప మీదనే కూర్చున్నాను. మీ తాత చూసి చూసి, పక్కన కూర్చొని అడిగాడు.

"ఏందే? పాణం బాగలేదా?"

చెప్పాను. బీడీ తీసి, ముట్టించకుండానే పక్కన పెట్టాడు.

"ఇరవై రెండేండ్ల సంది నేను గూడ మోస్తున్ననే. సోని అబద్ధమాడుతున్నదని తండల అందరన్నరు. మనమే దాన్ని అబద్ధపుదాన్ని చేసినం. నేను పోయి దానికి నిజం చెప్పొస్త."

"గిప్పుడా? నీకు దగ్గు. వరంగల్ల బస్సు మారాలె. వానలు..."

"గానాడు గడపల అడ్డం నిలవడ్డవు. గీ పాలి నిలవడకు."

నేను గడప మీద నుండి లేచాను మౌనికా. మోకాళ్లు పట్టేసినయి, ఆయనే చెయ్యిచ్చి లేపాడు.

కార్డులు వెనక్కి తెప్పించకు. మీ తాత రేపు పొద్దున బస్సుకు పోతున్నాడు. దగ్గు మందు, రెండు రొట్టెలు, తువ్వాల, గొడుగు పెట్టాను. సంచి మడతలు కూడా చూశాను. ఆయన వచ్చేదాకా నాకు నోట్లో ముద్ద దిగదు.

నీ దాది,
సీతాబాయి


తండా,
జూలై 24

మౌనికా తల్లీ,

మీ తాత క్షేమంగా వచ్చాడు. గొడుగు బస్సులో మరిచిపోయాడు. తడిసి దగ్గు ఇంకొంచెం ఎక్కువైంది, దవాఖానకు పొమ్మంటే పోడు. నువ్వన్నా గట్టిగా చెప్పు.

ఆయన పోయేసరికే సోని వినేసింది. అక్కడి బడిలో మధుకర్ అని సారు ఉన్నాడట. పిల్లలు ఆ పొడుగు రికార్డు పెట్టుకొని వింటుంటే, ఇందులో ఈ అవ్వ ఎవరి కోసం ఏడుస్తున్నదో చెప్పమని తండాలో పెద్దోళ్లను పిలిపించాడు. నలుగురి ముందు మొదటి మాటకే సోని నా గొంతు గుర్తు పట్టింది. మూడుసార్లు పెట్టించుకొని విన్నదట. తర్వాత "బంద్ చెయ్ సారూ" అని లేచి పోయిందట.

మీ తాతను చూసి వాకిట్లో మంచం వేసింది. నీళ్లు ఇవ్వలేదు.

"గానాడు నాకెవ్వలిచ్చిండ్రు బావా నీళ్లు?" అన్నది.

ఆయన దగ్గుకుంటూ మంచం మీదనే కూర్చున్నాడు. గంట సేపటికి సోనినే చెంబు తెచ్చి ముందు పెట్టి, "తాగు. దగ్గి దగ్గి నా వాకిట్ల సత్తవు, మల్ల గా మాట గూడ నన్నే అంటరు" అన్నదట. చిన్నప్పటి నుండి దాని నోరు అంతే. మీ తాత చెప్తూ నవ్వాడు, నేను కూడా నవ్వాను.

అప్పుడు సోని ఒక సంగతి చెప్పిందట. యాడి మంచం పట్టకముందు సంవత్సరం దాని దగ్గర ఒక నెల ఉన్నది. ఆ నెలంతా పొద్దున లేస్తే "సీత ఏది, సీత వచ్చిందా" అని అడిగేదట. సోని ముద్ద పెడుతుంటే కూడా నా పేరే అనేదట. అలిగి ఒకనాడు సోని అన్నం గిన్నె నేలకేసి కొట్టిందట. "ఎదురుగ్గ ఉన్నోళ్లను పిలిచే పనేముండె మా యాడికి? ఎవ్వలు కనవడకపోతే వాళ్లనే పిలిచేది. అక్కకు గింత తెల్వదా?" అన్నదట.

తెలియలేదు మౌనికా. రెండేండ్లు పక్కనే ఉండి కూడా నాకు తెలియలేదు. ఈ మాట ఆనాడే అది నాకు చెప్పేదేమో, నేను పక్కకు తిరగకపోతే.

కోపం పోయిందా అని మీ తాతను అడిగాను. పోలేదట. బస్సు దాకా వచ్చి పంపింది, ఎక్కేటప్పుడు ఇట్లా చెప్పి పంపింది: "అక్కకు చెప్పు. మెత్తను పట్టుకొని ఏడిస్తే అయిపోతదా? దానిది సగమే విన్న. నా సగం అది కూసోని వినాలె. మెడ పట్టుకుంట, ఏడుస్త, తిడుత గూడ. తండల గానాడున్న ఆడోళ్లందరిని పిలిచి పెట్టుమను. వాళ్ల ముంగటనే."

పిలుస్తాను. అప్పటి ఆడోళ్లలో ఏడుగురే మిగిలారు. కబురు పంపలేదని వాళ్లకు ముందుగా నేనే నా నోటితో చెప్పాలి. చెప్తే ఏమంటారో తెలియదు. అయినా చెప్తాను, ఇద్దరికి ఇప్పటికే చెప్పాను. ఒకామె మొఖం తిప్పుకున్నది. తిప్పుకోనీ.

ఇంకో మూట కడుతున్నానని రాశావు. ఈసారి అన్ని అరలూ చూసుకున్నావు కదా? నలభై ఏడు మాత్రం ఇప్పుడు కూడా పెట్టకు. ఇదివరకు సిగ్గుకు వద్దన్నాను. ఇప్పుడు అది సగమే ఉన్నదని వద్దంటున్నాను. రెండో సగం కలిసినాక పెట్టాలో వద్దో సోనినే అడుగు, అది పెట్టమంటే పెట్టు.

నువ్వు కూడా రా. మీ అమ్మను, మీ నాయినను తీసుకురా, మెల్లగా నడపమను. ముందు ఫోన్ సంచిలోనే ఉంచు, మేము ఏడవడం అయినాక తీద్దువు. సోని పొద్దటి బస్సుకు బయలుదేరి పగటి అన్నం యాళ్లకు చేరుతుంది. మంచినీళ్ల చెంబు కడిగి గడప దగ్గరే పెడతాను. ఆగస్టు తొమ్మిది, ఆదివారం.

నీ దాది,
సీతాబాయి