వాళ్ల నాన్న ఎత్తిన ఫోన్

మంగళవారం, జగ్గయ్యపేట

నందిగామ కాలేజీలో ఈరోజు మా హెల్ప్‌లైన్ మీద పెద్ద గొడవ. ఏడిపింపులు భరించలేని పిల్లల కోసం పెట్టిన లైన్ వల్లే కాలేజీ పరువు పోయిందట, మూసేస్తామంటున్నారు ప్రిన్సిపాల్ గారు. "ఫోన్ చేసిన పిల్ల పేరు బయటికెలా వచ్చిందమ్మా?" అని అడిగితే "తెలీదండి" అన్నా.

నాకు తెలుసు. నేనే చెప్పా.

పోయిన వారం వత్సవాయి నుంచి సువార్త అనే పిల్ల ఫోన్ చేసింది. వాళ్లమ్మ పత్తి ఏరే కూలికెళ్తుందని బస్సులో సీనియర్లు "ఏయ్ పత్తీ" అని పిలుస్తున్నారని ఏడ్చింది. "పేరు చెప్పాలా అక్కా?" అంది. "చెప్పమ్మా, మన మధ్యే ఉంటుంది" అన్నా.

మర్నాడు మళ్లీ చేసి కనుక్కోవడం మా పద్ధతి. అదే నంబరుకి చేసి, ఎత్తింది ఎవరో కూడా చూసుకోకుండా "సువార్తా, హెల్ప్‌లైన్ అక్కని" అన్నా. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్! మా ఇంట్లోనూ మొన్నటిదాకా అంతేగా, ఎలా మర్చిపోయానో.

"వాళ్ల నాన్ననండి. మా పిల్లకేమైంది?" అన్నాడాయన. ఆ కంగారు వినలేక మొత్తం చెప్పేసా. ఆయన వెళ్లి సీనియర్ల ఇళ్లముందు కేకలేశాడు. తర్వాత సువార్తని కాలేజీ మాన్పించాడు.

ఈరోజు సాయంత్రం ఆ పిల్ల ఎవరి ఫోన్ నుంచో చేసింది. తిడుతుందనుకున్నా.

"రేపట్నుంచి అమ్మతో పత్తికెళ్తున్నా అక్కా. లైన్ మూసేస్తారంట కదా, అది మాత్రం మూయొద్దని చెప్పండి" అంది.

నిజం చెబితే లైన్ ఖాయంగా మూసేస్తారు. చెప్పకపోతే, రేపు ఇంకో పిల్ల పేరు చెప్పాలా అని అడిగినప్పుడు, మన మధ్యే ఉంటుందని ఏ నోటితో అనను...