అత్తమ్మ మైకు ట్రాకు

శృతి వాళ్ళ నాయినా,

గృహప్రవేశం వీడియో చుట్టాలకు పంపకు. ఎక్స్‌పోర్ట్‌ చేసేటప్పుడు ఆడియోలో అన్ని ట్రాకులూ ఉంచేశావు. పంతులు మంత్రాల ట్రాకు ఒక్కటే పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్‌ చెయ్యి. రెండో ట్రాకు, హారతి పాటకని అత్తమ్మ కొంగుకు పెట్టిన మైకుది. పాట అయ్యాక ఆ మైకు తియ్యడం మరిచావు. వంటింట్లో ఆమె మీ అక్కతో అన్నది కూడా అందులో పడింది: "సుమలత లేకుంటే గీ ఇల్లు లేస్తుండెనా? దానికి చెప్పకు, నెత్తికెక్కుతది."

నమ్మలేక మూడుసార్లు విన్నా. పన్నెండేళ్ళలో నన్నొక్క మంచిమాట అన్న మనిషి కాదు! ఆమెను అడగకు, సిగ్గుపడుతుంది.

ఎల్బీనగర్‌ మెట్రోకు పోతున్నా. పప్పు కుక్కర్లో ఉంది.

సుమలత

ఆ రెండో ట్రాకు చెరపకు. విడిగా తీసి నాకు పంపు. ఆమె తిట్టిన రోజు వింటా.