డ్రైవ్‌వే మీద సుద్దబొమ్మలు

ధర్మారావు గారికి,

మా డ్రైవ్‌వే మీద హత్య జరిగిన చోట పోలీసులు శవం చుట్టూ గీసినట్టు మనుషుల బొమ్మలున్నాయనీ, వెంటనే కడిగేయాలనీ మన కాలనీ ఇళ్లవాళ్ల సంఘం, అదే హెచ్‌ఓఏ, ప్రెసిడెంటుగా మీరు పంపిన నోటీసు అందింది. హత్యేమీ జరగలేదండీ.

మా అమ్మాయి మేధ తిండి మానేసి ఎముకల గూడైపోయింది. అయినా అద్దం ముందు నిలబడి, లావైపోయానని ఏడుస్తుంది. ఈ మాట మీ ఇంట్లో అనకండి, మన ఫ్రిస్కో ఊరంతా పాకిపోతుంది. "నువ్వెంత ఉన్నావో సుద్దతో గీసి, అందులో పడుకో" అని థెరపిస్టు చెప్పింది. కారంత వెడల్పున్న బొమ్మ మేధ తనను తాను గీసుకున్నది. దాని లోపలి సన్నటి బొమ్మ, మేధ అందులో పడుకున్నాక తన ఒంటి చుట్టూ వాళ్లమ్మ గీసినది. మేధ నమ్మలేదు. "అమ్మా, నువ్వు చీట్ చేశావ్!" అని గొడవ.

నేను చేసి చూపిస్తానని నా బొమ్మ గీసుకుని పడుకున్నాను. సన్నగానే గీసుకున్నాను లెండి. పొట్టేమో గీత దాటి రెండు పక్కలా బయటికొచ్చింది. మేధ పగలబడి నవ్వింది. సుద్ద తీసుకుని నా అసలు పొట్టంతా గీసి, "డాడీ, నీ కళ్లు కూడా నా కళ్లలాగే అబద్ధం చెప్తాయా?" అంది.

మిగతా బొమ్మలు ఇవాళే కడిగేస్తాను. నా పొట్ట మాత్రం వానొచ్చేదాకా ఉండనివ్వండి. మేధ రోజూ పొద్దున్నే అందులో కూర్చుని సగం దోసె తింటోంది.

ఇట్లు,
సదరు పొట్ట యజమాని