విడిగా ఉంటున్న తేదీ

ప్రోతరాపూర్, అండమాన్,
12 ఫిబ్రవరి 2008.

శ్రీవారు భూషణం గారికి,

సీతారత్నం నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. మీరూ విశాఖలో క్షేమంగానే ఉన్నారని మీరు పంపిన కవరు బరువు చూడగానే తెలిసింది.

మూడు నెలల తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చింది కదా అని, చేపలు కడుగుతున్నదాన్ని చేతులు సబ్బుతో రుద్దుకుని మరీ విప్పాను. ఉత్తరం నాలుగు వాక్యాలు. మిగతావన్నీ అద్దె రసీదులు. పన్నెండు నెలలకి పన్నెండు. రెవెన్యూ స్టాంపులు మీరే అంటించి, నేనెక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో ఇంటూ గుర్తులు కూడా పెట్టారు. మా నాన్న నా పేర రాసిన గోపాలపట్నం ఇంట్లో ఉంటూ మీరు నాకు నెలనెలా అద్దె ఇస్తున్నారట! ఇంటి యజమానురాలు సీతారత్నం, అద్దెకున్నవారు భూషణం. ఆ పూట చేపలు పక్కింటివాళ్లకిచ్చేసి మజ్జిగ తాగి పడుకున్నాను.

నెలాఖరులోగా రసీదులు పెట్టకపోతే మీ జీతంలో పన్ను కోసేస్తారని రాశారు. పెళ్లానికి అద్దె ఇస్తున్నానంటే మీ ఆఫీసులో నమ్మరు గనక, మనం వేర్వేరు రాష్ట్రాల్లో విడిగా నివసిస్తున్నామని ఒక డిక్లరేషన్ కూడా జతచేశారు. దాని మీద మీ సంతకం అప్పుడే పడిపోయింది. ఆ అద్దె నా ఆదాయంలో చూపించనక్కర్లేదనీ, అండమాన్‌లో ఎవరడుగుతారనీ నాకు ధైర్యం కూడా చెప్పారు. నాకు ధైర్యం చెప్పడం మీకు కొత్త అలవాటు.

ముందు ఒక తప్పు దిద్దనివ్వండి. మాది రాష్ట్రం కాదు, కేంద్రపాలిత ప్రాంతం. ఐదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. పందొమ్మిదేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసిన మనిషికి అదీ గుర్తులేదు.

మా స్కూలు క్లర్కు గవరయ్యకి చూపించాను. ఇందులో ఏముంది దీదీ, సబ్ లోగ్ కర్తే హై, అందరూ చేసేదే, సైన్ కొట్టేసి పంపెయ్యండి అన్నాడు. వాళ్ల బావగారు తల్లికే అద్దె కడుతున్నట్టు రాయించాడట. అది చెబుతూ నవ్వాడు. నాకు అతని నవ్వు మీదా, ఆ టేబుల్ మీదున్న రసీదుల మీదా, అవి చూపించడానికి వెళ్లిన నా మీదా కూడా అసహ్యం వేసింది.

మీకు సముద్రమంటే భయం పట్టుకుందని, ఒక్క ఏడాది అక్కడుండి వస్తానని ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే, మీ పెట్టె సర్దింది నేను. హాడో జెట్టీలో చెయ్యి ఊపింది నేను. వచ్చే ఓడకి వస్తాను, ఆ పై ఓడకి వస్తాను అంటూ దాదాపు మూడేళ్లు గడిపారు. నేను ఎవరినీ పల్లెత్తు మాట అననివ్వలేదు. మనం బాంబూఫ్లాట్ ఊళ్లో ఉన్నప్పుడు, ఆ ఆదివారం పొద్దున్న సునామీ నీళ్లు మీదికొచ్చినప్పుడు మీరు నా చెయ్యి పట్టుకుని మెట్ట మీదికి లాక్కుపోయారని స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. హేమమాలిని టీచరైతే కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ కథే చెబుతుంది. భర్తంటే అలా ఉండాలి అంటుంది. నేను తల ఊపుతుంటాను. అలాంటి మనిషికి చివరికి నేను ఇంటి ఓనర్నయ్యాను.

రసీదులు తిప్పి పంపుతున్నాను. ఒక్క దాని మీద కూడా సంతకం లేదు. స్టాంపులు తడిపి ఊడదీసుకోండి, మీకు పనికొస్తాయి. పన్ను కోస్తే కోయనివ్వండి. ఇంట్లో మాత్రం ఉండండి, వెళ్లగొట్టను. జామచెట్టుకి నీళ్లు పొయ్యండి.

ఇట్లు,
మీకు ఏమవుతానో మీ ఆఫీసువాళ్లే చెప్పాల్సిన
సీతారత్నం.

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. డిక్లరేషన్ మీద మాత్రం సంతకం పెట్టాను. అందులో ఉన్నది నిజమే కదా. అయితే, విడిగా ఉంటున్న తేదీ దగ్గర మీరు ఓడెక్కిన రోజు వేశారు, 9 మే 2005 అని. అది కొట్టేసి 26 డిసెంబరు 2004 అని రాశాను. దిద్దుబాటు చెల్లదంటారేమోనని పక్కన పొట్టి సంతకం కూడా చేశాను.

నీళ్లు నడుం దాకా వచ్చాయి. గేటు దగ్గర నా చీర ముళ్లకంచెకి పట్టుకుపోయింది. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాను, పెళ్లయ్యాక మొదటిసారి. మీరు విన్నారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. చూసి, మెట్ట వైపు పరిగెత్తారు. ఆ చీర చింపి నన్ను లాక్కుపోయింది మన వీధిలో చేపలమ్మే కాళమ్మ. ఆ చెయ్యి మీదని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ, కొన్నాళ్లకి నేనే నమ్ముదామని చూశాను.

సాక్షి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. బాంబూఫ్లాట్ నుంచి కాళమ్మని పిలిపించి తేదీ చదివి వినిపించాను. అవును టీచరమ్మా, ఆ దినమే, నాను సూసినాను కదా అని, బొటనవేలికి సిరా రాయించుకుని గట్టిగా ఒత్తింది.