సీసా గెలిచింది, ఆకు ఓడింది

బుధవారం, సాయంత్రం

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కారాలు చెప్పి, కోపం మాత్రం దిగమింగుకోకుండా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసా. నువ్వూ వదినా కులాసా అని తలుస్తాను.

ల్యాబులో పరీక్షించి చూశాం, పనిచేస్తుందని సీసా మీద అచ్చు వేసుకోవడానికి నువ్వు అడిగిన సంతకం నేను పెట్టను. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో మెత్తబడతానేమోనని ఆశపడకు.

జరిగింది విను. నువ్వు అమ్ముతున్న నాన్న జ్వరాల కషాయం పంపించావు కదా. మా ల్యాబులో మలేరియా క్రిముల్ని చిన్న గాజు పళ్లేల్లో, మనిషి రక్తంలో పెంచుతాం. వాటి మీద నీ కషాయం చుక్కలు వేశాను. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే అన్నీ ముడుచుకుపోయి, చచ్చిపడున్నాయి. ల్యాబంతా నా చుట్టూ మూగింది. నాన్న ఉంటే బాగుండేదనిపించి కళ్లు తుడుచుకున్నాను.

కానీ మా పనిలో ఒక్కసారి నెగ్గితే నెగ్గినట్టు కాదు. నువ్వు విడిగా పంపిన ఆకును నాన్న కాచినట్టే నేనే కాచి వేశాను. క్రిములు అత్తారింటికొచ్చిన కొత్తల్లుళ్లలా హాయిగా ఉన్నాయి. చిక్కగా కాచాను. స్పిరిట్‌లో నానబెట్టి చూశాను. వాటికి చీమ కుట్టినట్టయినా లేదు.

మా పెద్దసారుకు చెప్పాను. ఆయన అప్పటికే పత్రికలవాళ్లను పిలిచేశారు. సీసా పనిచేసింది కదమ్మా, ఆకు సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. అందులో ఏముందో తెలియకుండా మందని ఎలా చెప్పమంటారన్నాను. పైకొచ్చేది మీ అన్న పేరే కదా, నీకేం నొప్పి అన్నారు. పత్రికలవాళ్ల ముందే లేచి, ఆకు పనిచేయలేదని చెప్పి కూర్చున్నాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. నన్ను గాజుసామాను కడిగే గదికి మార్చారు. కడుగుతున్నాను. తల మాత్రం వంచలేదు.

ఆ గదికి వెళ్లేముందు నీ సీసాను రసాయనాలు పరీక్షించే స్నేహితురాలికిచ్చాను. అందులో మందుల షాపులో దొరికే మలేరియా మాత్రల పొడి ఉందని తేల్చింది. అదీ అరకొరగా. అరకొర మందుకి జ్వరం దిగుతుంది, క్రిమి మిగులుతుంది. అలా మిగిలినవి మందుకు అలవాటుపడితే, రేపు అసలు మాత్ర వేసినా లొంగకపోవచ్చు. నూరి కలిపినవాడివి ఈ ముక్క ఆలోచించావా?

నాన్న పేరు నిలబెడుతున్నానని రాశావు. దొంగచాటు పొడి మీద నిలబడే పేరు నాన్నకు అక్కర్లేదు. నాకు మొక్కల మీద నమ్మకం పోయిందనుకోకు. ఇవాళ లోకం మింగే మలేరియా మందుల్లో కొన్ని చెట్టు బెరడులోంచీ, మొక్క ఆకులోంచీ వచ్చినవే. మన మొక్క వేరు ఇంకా చూడలేదు, చూస్తాను. పనిచేస్తే వీధెక్కి చెబుతాను. చేయకపోతే అదీ వీధెక్కే చెబుతాను.

అప్పటిదాకా అమ్మడం ఆపు. ఆపకపోతే నీ కొట్టు ముందు నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెబుతాను. అన్నవని మొహమాటపడను.

నీ మొండి చెల్లెలు

తా.క.: ఉత్తరం అంటించేముందు ఉండబట్టలేక వదినకు ఫోన్ చేసి, పొడి సంగతి అడిగాను. కలుపుతున్నది నువ్వు కాదట, తనట. నీ కషాయాన్నే నమ్ముకున్న తాపీమేస్త్రి కిందటి వానల్లో జ్వరంతో పోయాడు కదా. అప్పటినుంచి తను పనిచేసే మందుల షాపులోనే మాత్రలు కొని, నూరి, నువ్వు చూడకుండా పోస్తోందట. చెబితే మీ అన్న కుంగిపోతాడు, చెప్పకపోతే మనుషులు పోతారు, నన్నేం చేయమంటావమ్మా అంది. ఈ సంగతి నీకు రాయమన్నదీ తనే. నిన్ను అనుమానించిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతాదేదీ తీసుకోను. వదినను ఒక్క మాట అన్నా ఊరుకోను. ఆదివారం వస్తున్నాను. సీసాలన్నీ ముగ్గురం కలిసి పారబోద్దాం. ఆ తర్వాత జ్వరమంటూ నీ కొట్టుకొచ్చే మొదటి మనిషిని నువ్వే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లు.