పొగ ఎటు పోతోంది

మా అమ్మలుకి, నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమమే. మీ అమ్మకి కాస్త తలనొప్పి, నాకు నా జనరేటరు, అంతకుమించి చెప్పుకోదగ్గ బాధలేమీ లేవు. నీ ఓడలో ఇంజను గదికి ఎండ మొహం కూడా తెలియదని రాశావు. వేళకి తిను. వీలైనప్పుడల్లా పైకొచ్చి నాలుగు గుక్కలు మంచి గాలి పీల్చుకో.

రేవు నుంచి నువ్వు వేసిన ఉత్తరం అందింది. మీ అమ్మకి చదివి వినిపిస్తుంటే సగంలోనే నిద్రపోయింది. ఈమధ్య ఆవిడకి నిద్ర ఎక్కువైంది. నన్ను చేసుకున్నాక పోగొట్టుకున్న నిద్రంతా ఇప్పుడు వసూలు చేసుకుంటున్నావా అని ఏడిపిస్తున్నాను.

సీటు కవర్ల షాపు మూసేసి, లోపల మంచం, వంటగది ఉన్న ఈ బండి కొన్నప్పుడు "చక్రాల మీద కాపరమేంటి నాన్నా" అని నవ్వావు కదా. ఇప్పుడు ఆ కాపరం ఒక నది ఒడ్డున, ఇలాంటి బళ్ళు నిలుపుకునే మైదానంలో సాగుతోంది. ఇక్కడ కరెంటు లేదు. బండి అడుగున, వెనక మంచానికి సరిగ్గా కింద బిగించిన డీజిల్ జనరేటరే మాకు దిక్కు. హీటరు, ఫ్రిజ్జు, మీ అమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టుకునే దిండు, అన్నీ దాని మీదే. నా గురక భరించలేక ఆవిడ వెనక మంచం మీద పడుకుంటుంది, నేను అద్దం కాస్త దించుకుని ముందు సీట్లో సర్దుకుంటాను.

వచ్చిన కొత్తలో, బండి అడుగు సందుల్లోంచి చలిగాలి కొడుతోందని, జనరేటరు రొద చెవులు చిల్లులు పొడుస్తోందని సణిగింది. నేను ఊరుకుంటానా? బతుకంతా కార్ల సీట్లకు కవర్లు కుట్టినవాణ్ణి. మందపాటి టార్పాలిన్ తెచ్చి, లోపల స్పాంజి పెట్టి, బండి చుట్టూ నేల దాకా దిగేలా తెర కుట్టాను. బటన్లు కూడా పెట్టాను. చీమ దూరదు. పక్క బండిలో రిటైరైన బ్యాండు మాస్టారు ఒకాయన ఉన్నాడు. వేలితో కుట్టు తడిమి చూసి "తమరి చేతికి దండం పెట్టాలండీ" అన్నాడు. నేను మురిసి ముక్కలయ్యాను.

ఆ మురిపెం తీరకుండానే జనరేటరుకి తెగులు పట్టుకుంది. కిందటిసారి నేను రాసింది చదివి నువ్వు అడిగినవన్నీ మంచం పలక ఎత్తి చూశాను. డీజిల్ ఉంది. ఆయిల్ గీత దాకా ఉంది. ఫిల్టరు కొత్తది వేశాను. గొట్టంలో గాలి చేరిందేమోనన్నావు, నువ్వు చెప్పినట్టే మర వదులు చేసి బుడగలు పోయేదాకా డీజిల్ కారనిచ్చాను. చొక్కా పాడైంది తప్ప లాభం లేదు. బటన్ నొక్కగానే బుద్ధిమంతుడిలా స్టార్టవుతుంది. కాసేపు తిరుగుతుంది, దగ్గుతుంది, ఎర్ర దీపం వెలిగించి ఆగిపోతుంది. ముట్టుకుంటే పెనంలా కాలుతుంది. చల్లారాక మళ్ళీ మొదలు. దాని అలకలు తీర్చడమే నాకు ఉద్యోగమైపోయింది.

మీ అమ్మ తలనొప్పి గురించి అడిగావు. పొద్దున లేస్తూనే ఉంటుంది. ఒక్కోసారి వాంతి కూడా అవుతుంది. మొన్న మార్కెట్టుకి తీసుకెళ్ళాను. అక్కడ మనిషి మామూలుగా అయిపోయింది, టమాటాల దగ్గర దుకాణంవాడితో పోట్లాట కూడా పెట్టుకుంది. బండికి తిరిగొచ్చి పడుకుందో లేదో మళ్ళీ తల పట్టుకుంది. నా వంట తప్పించుకోవడానికి నాటకమాడుతున్నావన్నాను. ఆవిడ నవ్వలేదు. నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసి, "ఏమండీ, పాప బడి నుంచి వచ్చిందా?" అంది.

"పాప ఓడలో ఇంజనీరే పిచ్చిదానా" అన్నాను. "అవును కదూ" అని సిగ్గుపడింది. నిద్రమత్తులే అనుకున్నాను. కానీ అమ్మలూ, ఆ చూపు నాకు నచ్చలేదు.

ఇక నీకు కోపం తెప్పించే మాట. ఇంతసేపూ నీళ్ళు నములుతూ వచ్చాను. ఆ ఎర్ర దీపం సంగతి బ్యాండు మాస్టారు చెప్పాడు.

"వేడెక్కిందని అనుమానమొస్తే చాలు, ఇంజను ఆపేసే స్విచ్చు ఒకటుంటుందండీ. దాని వైర్లు రెండూ కలిపేయండి, పీడ వదిలిపోతుంది."

"ప్రమాదం కాదా?"

"మహా అయితే ఇంజను పాడవుతుంది. ఆవిడ చలికి వణికిపోతుంటే ఇంజను గురించి ఆలోచిస్తారా?"

కలిపేశాను. నిన్నటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు, ఇప్పుడూ తిరుగుతూనే ఉంది. వెనక మంచం మీద మీ అమ్మ హాయిగా నిద్రపోతోంది. మధ్యాహ్నం భోజనానికి లేపినా లేవలేదు, పోనీలే అని వదిలేశాను. నేను డ్రైవరు తలుపు బార్లా తీసుకుని ఇది రాస్తున్నాను.

నీ ప్రశ్నల్లో ఒకటి మిగిలింది. "నాన్నా, పొగ ఎటు పోతోంది?" అని అడిగావు. చిన్నపిల్ల ప్రశ్నలా ఉందే, పొగ ఆకాశంలోకి కాక ఎటు పోతుంది అనుకుని వదిలేశాను. అయినా అడిగావు కాబట్టి దిగి, చూసొచ్చి రాస్తాను.

ఇక్కడి నుంచి రాస్తున్నది ఆసుపత్రి వరండాలో.

నా తెరకి ఒక్క బటన్ తీశాను. వేడి పొగ గుప్పున మొహానికి కొట్టింది. పొగగొట్టం బండి కిందే ఉంది. ఇన్నాళ్ళూ ఆ పొగంతా నా టార్పాలిన్ లోపలే నిండి, బండి అడుగు సందుల్లోంచి పైకి, మంచం దగ్గరికి ఎక్కుతోంది. ఆ జనరేటరు కూడా మంచి గాలి అందక తన పొగ తానే పీల్చి ఉడికిపోతోంది. జనరేటరు కట్టేసి లోపలికి పరిగెత్తాను. మీ అమ్మ మొహం ఎర్రగా ఉంది. పిలిచాను, కుదిపాను, పలకలేదు. బ్యాండు మాస్టారూ నేనూ దుప్పటితో ఎత్తి బయట గడ్డి మీద పడుకోబెట్టాం. అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు.

జనరేటరు ఆగిపోయిన ప్రతిసారీ మీ అమ్మకి ఊపిరి అందిందమ్మా. దాన్ని ఆగకుండా చేసింది నేను. నువ్వు తిడితే బాగుండును, కానీ సముద్రం మీద నీకు ఫోను కలవడం లేదు. మీ కంపెనీ ఆఫీసుకి కబురు చెప్పాను, ఈ ఉత్తరం కూడా వాళ్ళ చేతికే ఇస్తున్నాను.

ప్రాణానికి గండం గడిచినట్టేనని డాక్టరమ్మ అంది. ఇన్నాళ్ళ పొగ మెదడుకి ఏం చేసిందో మాత్రం ఇప్పుడే చెప్పలేమంది. ఇందాక మీ అమ్మ కళ్ళు తెరిచింది. నా చెయ్యి పట్టుకుంది. మూతి మీది మాస్కు పక్కకి తీసి, చాలా నెమ్మదిగా, "ఏమండీ, పాప బడి నుంచి వచ్చిందా?" అంది.

ఈసారి నేను దిద్దలేదు. దారిలో ఉంది, వచ్చేస్తుంది అన్నాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు తల్లీ.

ఇట్లు,
కుట్టు గట్టిగా వేసిన
మీ నాన్న